కాగితంలో ‘నాట్‌విత్‌స్టాండింగ్’ కనిపిస్తే ఎలా చదవాలి

హోమ్‌లోన్ అగ్రిమెంటులో ఒక పేజీ ఫొటో, ఆఫర్ లెటర్ స్క్రీన్‌షాట్, ఫ్లాట్ అద్దె కాగితం, గ్రూప్స్‌కి చదువుకునేవాళ్ల పాలిటీ నోట్స్‌లో ఒక పేరా. పంపేవాళ్లు వేరు, కాగితాలు వేరు. కింద ప్రశ్న మాత్రం ఒకటే: “ఇక్కడ ‘నాట్‌విత్‌స్టాండింగ్’ అని ఉంది, ఇది మనకి అనుకూలమా, వ్యతిరేకమా?” ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే బదులు పద్ధతంతా ఒకచోట పెడుతున్నాను.

ఈ పదానికి అర్థం తెలియక దెబ్బతినేవాళ్లు తక్కువ. డిక్షనరీ తీస్తే ‘అయినప్పటికీ’ అని ఉంటుంది, అది తప్పు కాదు. చిక్కంతా ఎవరిది పైచేయి అన్న దగ్గరే. ఈ పదం పక్కన ఏ క్లాజు పేరుందో ఆ క్లాజే బలమైనదని చాలామంది చదువుకుంటారు. అసలు సంగతి తలకిందులు. పక్కన పేరున్న క్లాజు ఓడిపోతుంది, వాక్యంలో మిగిలిన భాగం గెలుస్తుంది. ఈ రాతంతా ఆ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

ఏమేం కావాలి

- కాగితం మొత్తం. ఒక్క పేజీ ఫొటో సరిపోదు. ఓడిపోయే క్లాజు నాలుగో పేజీలో, గెలిచేది పదకొండో పేజీలో ఉండటం మామూలే.
- వీలైతే ప్రింటు. ఫోన్‌లో పైకీ కిందికీ జరుపుతూ చదివితే ఏ క్లాజు ఎక్కడుందో గుర్తుండదు.
- రెండు రంగుల పెన్నులు. ఎరుపు ఓడేదానికి, నీలం గెలిచేదానికి.
- తెల్ల కాగితం ఒకటి, తెలుగులో రాసుకోవడానికి.
- చట్టం గురించి అయితే ఆ సెక్షన్ పూర్తి పాఠం. కేంద్ర ప్రభుత్వ ‘ఇండియా కోడ్’ వెబ్‌సైట్‌లో చట్టాలు ఉచితంగా దొరుకుతాయి. కోచింగ్ మెటీరియల్‌లో కుదించి రాసిన వాక్యాన్ని పట్టుకుని ఈ పని చేయకండి. కుదించేటప్పుడు మొదట ఎగిరిపోయేది ఈ పదమే.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. ‘విత్‌స్టాండ్’ అంటే ఎదురు నిలవడం, అడ్డుకోవడం. దానికి ముందు ‘నాట్’ చేరింది కాబట్టి ‘అది అడ్డు నిలవకుండా’ అని. లాటిన్‌లో దీన్నే ‘నాన్ అబ్‌స్టాంటే’ అంటారు. అందుకే లాయర్లు ఇలాంటి వాక్యాన్ని ‘నాన్ అబ్‌స్టాంటే క్లాజు’ అంటారు. ‘నాట్‌విత్‌స్టాండింగ్’ని పలికేటప్పుడు ఒత్తు ‘స్టాం’ మీద పడుతుంది. తెలుగులో చట్టాల భాషలో ‘ఏమి ఉన్నప్పటికీ’ అని రాస్తారు. మనం మాట్లాడుకునే తెలుగులో ‘ఏమున్నా సరే’. నేను ఈ రెండోదే వాడతాను, ఎందుకంటే అందులో గెలుపోటములు వెంటనే వినిపిస్తాయి.

1. పదం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గుర్తించండి

పదం చుట్టూ సున్నా చుట్టండి. అక్కడినుంచి మొదటి కామా వరకూ ఎర్ర పెన్నుతో గీత గీయండి. ఎక్కువసార్లు ఆ ముక్కే ఓడిపోయేది. కామా తర్వాత ఉన్నదాన్ని నీలంతో గీయండి.

మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

ఒకటి, ఈ పదం నామవాచకానికి ముందే కాదు, వెనక కూడా వస్తుంది. ‘రెయిన్ నాట్‌విత్‌స్టాండింగ్, ద మ్యాచ్ వెంట్ ఆన్’ అంటే వాన పడినా సరే మ్యాచ్ జరిగిందని. అప్పుడు ఎర్ర గీత పదానికి ముందున్న ముక్క కింద పడాలి. మనకి ఇది కొత్తేమీ కాదు, తెలుగులో ‘వానున్నా సరే’ అని వెనకే అంటాం. అయినా ఇంగ్లీషు కాగితంలో ఈ వరస కనిపిస్తే చాలామంది తడబడతారు.

రెండు, వాక్యం చివర్లో వచ్చినప్పుడు. ‘ఈ నిబంధన అమల్లో ఉంటుంది, నాట్‌విత్‌స్టాండింగ్ ఫలానా’ అని ముగిస్తారు. అక్కడ గెలిచేది ముందుంది, ఓడేది వెనకుంది. కామా సూత్రాన్ని గుడ్డిగా పట్టుకోకుండా ‘ఈ పదానికి అంటుకుని ఉన్నది ఏది?’ అని చూసుకోండి. అంటుకున్నదే ఓడుతుంది.

మూడు, అసలు కామాయే లేని అగ్రిమెంట్లు. పాత సేల్‌డీడ్‌లలో పేజీ పొడవునా ఒకే వాక్యం ఉంటుంది. అలాంటప్పుడు ‘షల్’ లేదా ‘మే’ అనే క్రియ ఎక్కడుందో వెతకండి. దానికి కర్త ఎవరో చూడండి. ఆ కర్త దగ్గరే గెలిచే భాగం మొదలవుతుంది.

2. ఓడిపోయేది ఎంత వెడల్పుగా ఉందో కొలవండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. ‘నాట్‌విత్‌స్టాండింగ్’ పక్కన ఉన్న మాటల్ని అక్షరం అక్షరం చదవండి. మామూలుగా నాలుగు రకాలు కనిపిస్తాయి.

‘క్లాజ్ 4’ అని ఒక్క నంబరు ఉంటే ఓడేది ఆ ఒక్క క్లాజే. అయిదో క్లాజుకీ దీనికీ సంబంధం లేదు.

‘ఎనీథింగ్ కంటెయిన్డ్ ఇన్ దిస్ అగ్రిమెంట్’ అని ఉంటే ఈ అగ్రిమెంటులో మిగతాదంతా ఓడుతుంది. మార్కెటింగ్ వాళ్లు చూపించిన అందమైన షరతులన్నీ కూడా. ఇది కనబడితే కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చోండి.

‘ఎనీ అదర్ అగ్రిమెంట్ బిట్వీన్ ద పార్టీస్’ అని ఉంటే మీరు ఇదివరకు వాళ్లతో రాసుకున్న వేరే కాగితాలు కూడా దీనికింద పడతాయి.

‘ఎనీ అదర్ లా ఫర్ ద టైమ్ బీయింగ్ ఇన్ ఫోర్స్’ అని ఉంటే అమల్లో ఉన్న వేరే చట్టాలు ఓడతాయి. ఇలా రాసే హక్కు చట్టసభది. ఇంటి ఓనరో, కంపెనీ హెచ్‌ఆరో తన అగ్రిమెంటులో ఇలా రాసుకుంటే దాని విలువ ఎంతో 7వ మెట్టులో చూద్దాం.

3. తెలుగులో ఒకే అచ్చులో పోసి రాయండి

తెల్ల కాగితం మీద ఇలా రాసుకోండి: “______లో ఏమున్నా సరే, ______.” మొదటి ఖాళీలో ఎర్రది, రెండో ఖాళీలో నీలం. ఇంగ్లీషు వాక్యం ఎంత మెలికలు తిరిగినా ఈ అచ్చులో పట్టాలి. పట్టకపోతే 1వ మెట్టులో గీత తప్పు గీశారన్నమాట, మళ్లీ వెళ్లండి.

ఒక నమూనా చూద్దాం. ఇది నేను కల్పించిన లోన్ కాగితం, కానీ ఈ తరహావి బయట బాగానే తిరుగుతున్నాయి. 4వ క్లాజులో ‘మొదటి మూడేళ్లు వడ్డీ 9 శాతం, మారదు’ అని ఉంది. 11వ క్లాజులో ‘నాట్‌విత్‌స్టాండింగ్ ఎనీథింగ్ కంటెయిన్డ్ ఇన్ క్లాజ్ 4, ద లెండర్ మే రివైజ్ ద రేట్ ఎట్ ఇట్స్ సోల్ డిస్క్రీషన్’ అని ఉంది.

అచ్చులో పోస్తే: “4వ క్లాజులో ఏమున్నా సరే, అప్పిచ్చినవాళ్లు తమ ఇష్టప్రకారం వడ్డీ మార్చవచ్చు.” అంటే 4వ క్లాజులోని ‘మారదు’ అన్న మాట అలంకారానికి మిగిలింది. 30 లక్షల అప్పు, 20 ఏళ్ల గడువు అయితే 9 శాతానికి నెల వాయిదా దాదాపు 26,990 రూపాయలు. వాళ్లు 10 శాతం చేస్తే దాదాపు 28,950. నెలకి రెండు వేల తేడా ఆ ఒక్క పదంలో కూర్చుని ఉంది.

4. ఓడిపోయిన క్లాజు దగ్గరికి వెళ్లి దాన్నీ చదవండి

గెలిచిందేదో తెలిసింది కదా అని ఇక్కడితో ఆపేస్తారు. ఆపకండి. ఈ పదం క్లాజుని కొట్టేయదు, చించేయదు. రెండింటికీ పొసగని చోట మాత్రమే పక్కకి తప్పిస్తుంది. పొసిగే చోట రెండూ పనిచేస్తాయి.

ఆఫర్ లెటర్‌లో 6వ క్లాజు: ఎవరు మానేయాలన్నా, మాన్పించాలన్నా 60 రోజుల నోటీసు. 14వ క్లాజు: 6వ క్లాజులో ఏమున్నా సరే, దుష్ప్రవర్తన రుజువైతే కంపెనీ వెంటనే తీసేయవచ్చు. దీన్ని చూసి “అయితే కంపెనీకి నోటీసే అక్కర్లేదన్నమాట” అని టెన్షన్ పడిపోయేవాళ్లు ఉన్నారు. కాదు. నీలం గీత కింద ‘దుష్ప్రవర్తన రుజువైతే’ అన్న షరతు ఉంది. ఆ షరతు ఉన్న మేరకే 6వ క్లాజు పక్కకి తప్పుకుంటుంది. ప్రాజెక్టు అయిపోయిందనో, ఖర్చు తగ్గించుకోవాలనో తీసేస్తే 60 రోజులు అలాగే ఉన్నాయి. కాబట్టి నీలం భాగంలో ‘ఇఫ్’, ‘వేర్’, ‘ఇన్ ద ఈవెంట్ ఆఫ్’, ‘టు ద ఎక్స్‌టెంట్’ లాంటివి ఉంటే వాటి చుట్టూ గట్టిగా గుండ్రం చుట్టండి. మీ హక్కు ఎంత మిగిలిందో అవే చెబుతాయి.

ఒక అసలు ఉదాహరణ: కూతురి వాటా

పైవి నమూనాలు. ఇది మన చట్టం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో 6వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు అప్పట్లో మగపిల్లలకే ఉండేది. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ ఈ చట్టాన్ని సవరించి 29ఏ అనే సెక్షన్ చేర్చింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి అది అమల్లోకి వచ్చింది. దాని మొదటి మాటలు ‘నాట్‌విత్‌స్టాండింగ్ ఎనీథింగ్ కంటెయిన్డ్ ఇన్ సెక్షన్ 6 ఆఫ్ దిస్ యాక్ట్’.

మెట్ల ప్రకారం వెళ్దాం. ఎరుపు: సెక్షన్ 6. వెడల్పు: ఆ ఒక్క సెక్షనే, చట్టం మొత్తం కాదు. నీలం: మితాక్షర పద్ధతి (హిందూ కుటుంబాల్లో ఆస్తి హక్కుల సంప్రదాయాల్లో ఒకటి) వర్తించే ఉమ్మడి కుటుంబంలో కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో హక్కుదారు. అచ్చులో: “సెక్షన్ 6లో ఏమున్నా సరే, కూతురికీ పుట్టుకతో హక్కు ఉంది.”

ఇప్పుడు తలకిందులుగా చదివి చూడండి. ‘సెక్షన్ 6 బలమైనది’ అనుకుంటే కూతురికి వచ్చేది ఏమీ ఉండదు. ఒకే వాక్యం, ఎవరిది పైచేయో పొరబడితే ఎకరాలకి ఎకరాలు చేతులు మారతాయి.

4వ మెట్టు కూడా ఇక్కడ పనికొస్తుంది. నీలం భాగం చివర ఒక మినహాయింపు పెట్టారు. ఆ సవరణ అమల్లోకి రాకముందే పెళ్లయిన కూతురికీ, అప్పటికే జరిగిపోయిన పంపకాలకీ ఇది వర్తించదు. కాబట్టి ఆ కుటుంబాల్లో సెక్షన్ 6 మునుపటిలాగే నడిచింది. ఓడినదానికి కూడా కొంత చోటు మిగులుతుందని చెప్పింది ఇందుకే. (మీ ఇంట్లో వాటాల లెక్క తేల్చుకోవడానికి దీన్ని వాడకండి. 2005లో కేంద్రం సెక్షన్ 6నే దేశమంతటికీ తిరగరాసింది, ఇప్పుడు చదవాల్సింది అది.)

5. పోలికున్న మాటల నుంచి విడదీయండి

‘సబ్జెక్ట్ టు’ దీనికి సరిగ్గా వ్యతిరేకం. ‘సబ్జెక్ట్ టు క్లాజ్ 4’ అంటే 4వ క్లాజుకి లోబడి, అంటే 4దే పైచేయి. రెండూ వాక్యం మొదట్లోనే వస్తాయి, రెండింటి పక్కనా క్లాజు నంబరు ఉంటుంది, రెండింటి తర్వాతా కామా ఉంటుంది. కంటికి కవలపిల్లల్లా కనిపిస్తాయి. మీరు ఇంకేది మరిచిపోయినా ఈ జంటని మరిచిపోకండి.

‘వితౌట్ ప్రెజుడిస్ టు’ మూడో రకం. ‘ఆ హక్కుకి భంగం లేకుండా’ అని. ఇక్కడ ఎవరూ ఓడరు, అదీ ఉంటుంది, ఇదీ ఉంటుంది. అడ్వాన్సులోంచి కోసుకునే హక్కుకి భంగం లేకుండా (‘వితౌట్ ప్రెజుడిస్ టు’) బకాయి అద్దెకి వేరే దావా కూడా వేస్తానని ఓనరు రాస్తే, రెండు దారులూ తన చేతిలో ఉంచుకున్నాడని అర్థం.

‘ఇర్రెస్పెక్టివ్ ఆఫ్’, ‘రిగార్డ్‌లెస్ ఆఫ్’ అంటే ‘ఏదైనా సరే, దాంతో పనిలేదు’. వయసుతో పనిలేదు, కులంతో పనిలేదు అన్నట్టు. అక్కడ రెండు నిబంధనల పోటీ ఉండదు. ‘డిస్పైట్’ కథల్లో, వార్తల్లో వాడే మామూలు మాట. అర్థం దగ్గరగానే ఉన్నా చట్టం రాసేటప్పుడు దాన్ని నమ్ముకోరు.

6. రెండు ‘నాట్‌విత్‌స్టాండింగ్’లు ఎదురుపడితే

పేకాటలో తురుపు మీద తురుపు పడినట్టు ఇదీ జరుగుతుంది. సమాచార హక్కు చట్టం, 2005 దీనికి మంచి అభ్యాసం. ఆర్టీఐ దరఖాస్తు తిరస్కరించారని కాగితం వచ్చినవాళ్లకి నేరుగా పనికొస్తుంది కూడా.

8(1) సెక్షన్: ఈ చట్టంలో ఏమున్నా సరే, ఈ కింది రకాల సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత లేదు. అంటే మిగతా చట్టం మీద మినహాయింపులది పైచేయి. అధికారులు ఉత్తరంలో రాసేది ఈ నంబరే, చాలామంది అక్కడితో ఊరుకుంటారు.

8(2) సెక్షన్: 1923 నాటి అధికార రహస్యాల చట్టంలో ఏమున్నా సరే, 8(1)లో మినహాయింపులున్నా సరే, నష్టం కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చు. అంటే 8(1) మీద దీనిది పైచేయి.

22వ సెక్షన్: అధికార రహస్యాల చట్టంలోగానీ, వేరే ఏ చట్టంలోగానీ దీనికి విరుద్ధంగా ఏమున్నా సరే, ఈ చట్టం చెల్లుతుంది.

కాగితం మీద కింద నుంచి పైకి నిచ్చెనలా రాసుకోండి: అన్నిటికంటే కింద వేరే చట్టాలు, వాటి మీద సమాచార హక్కు చట్టం, దాని మీద 8(1), ఆ పైన 8(2). అప్పీలు రాసేటప్పుడు ‘8(1) వర్తించదు’ అని వాదించడం ఒక పద్ధతి. ‘వర్తించినా సరే, 8(2) ఉంది, ప్రజాప్రయోజనం ఇదీ’ అని రాయడం ఇంకో పద్ధతి. ఆ ‘వర్తించినా సరే’ కూడా మన పదమే చూడండి. ఒక హెచ్చరిక: 8(2)లో ఉన్న క్రియ ‘మే’. ఇవ్వవచ్చు అని, ఇచ్చి తీరాలని కాదు. కాబట్టి ప్రజాప్రయోజనం ఏమిటో మీరే విడమరచి రాయాలి.

ఒకే చట్టంలో అయితే ఇలా నిచ్చెన కట్టొచ్చు. రెండు వేర్వేరు చట్టాలు రెండూ ‘మిగతా చట్టాల్లో ఏమున్నా సరే’ అని అంటే? బ్యాంకులు తాకట్టు ఆస్తుల్ని స్వాధీనం చేసుకునే 2002 నాటి సర్ఫేసీ చట్టంలో 35వ సెక్షన్ అలాగే అంటుంది. 2016 నాటి దివాలా స్మృతిలో 238వ సెక్షన్ కూడా అలాగే అంటుంది. ఇలాంటప్పుడు కోర్టులు సాధారణంగా తర్వాత వచ్చిన చట్టానికి మొగ్గుతాయి, పాత చట్టం ఉన్న సంగతి తెలిసే చట్టసభ కొత్తది చేసిందని. అయితే అది కోర్టు తేల్చాల్సిన పని, మన పెన్నులతో తేలేది కాదు.

7. ఈ పదానికి ఎక్కడ బలం చాలదో చూడండి

పెద్ద అక్షరాల్లో ‘నాట్‌విత్‌స్టాండింగ్ ఎనీ లా’ అని రాసినంత మాత్రాన ఇద్దరు మనుషుల మధ్య కాగితం చట్టాన్ని ఓడించలేదు. కంపెనీ మానేశాక రెండేళ్లపాటు పోటీ కంపెనీలో చేరకూడదని ఈ పదంతో మొదలుపెట్టి రాస్తారు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో 27వ సెక్షన్ ప్రకారం ఒక మనిషిని న్యాయమైన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. కాగితంలో ఏమున్నా సరే. (కంపెనీ రహస్యాలు బయటపెట్టకూడదన్న షరతు వేరే సంగతి, దాన్ని తేలిగ్గా తీసుకోకండి.)

చట్టాలకీ, రాజ్యాంగానికీ కూడా హద్దులున్నాయి. గ్రూప్స్ అభ్యర్థులు ఇక్కడ కాస్త ఆగండి, ఇది మీ కోసమే.

ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులు, స్థానికేతరుల లెక్కలన్నిటికీ మూలమైన 371డి ఆర్టికల్ 32వ రాజ్యాంగ సవరణతో వచ్చి 1974 జులై 1 నుంచి అమలైంది. 2014 నుంచి తెలంగాణకి కూడా వర్తిస్తోంది. దాని 10వ క్లాజు ఏమంటుందంటే, ఈ రాజ్యాంగంలోని వేరే ఏ నిబంధనలోగానీ, అమల్లో ఉన్న వేరే ఏ చట్టంలోగానీ ఏమున్నా సరే, ఈ ఆర్టికల్, దీనికింద రాష్ట్రపతి ఇచ్చే ఉత్తర్వులు చెల్లుతాయి. ఇంత వెడల్పైన ‘ఏమున్నా సరే’ అరుదు. అయినా అదే ఆర్టికల్‌లో, ప్రభుత్వ ఉద్యోగుల వివాదాలు వినే ట్రిబ్యునల్ తీర్పుని రాష్ట్ర ప్రభుత్వం మార్చవచ్చని, రద్దు చేయవచ్చని చెప్పిన 5వ క్లాజుని సుప్రీంకోర్టు సాంబమూర్తి కేసులో కొట్టేసింది. సవరణతో కూడా మార్చడానికి వీల్లేని రాజ్యాంగ మౌలిక స్వరూపం దగ్గర ఈ పదం ఆగిపోతుంది.

ఇంకొకటి మన ఏజెన్సీ ప్రాంతాలది. అయిదో షెడ్యూలులో 5(1) పేరా ‘ఈ రాజ్యాంగంలో ఏమున్నా సరే’ అని మొదలై, షెడ్యూల్డ్ ప్రాంతాలకి ఏ చట్టం వర్తించాలో, ఏది వర్తించకూడదో గవర్నర్ నోటిఫికేషన్ ఇవ్వవచ్చని చెబుతుంది. దాని ఆధారంగానే 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 3 ఇచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు శాతం స్థానిక గిరిజనులకే అని. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. గవర్నర్ అధికారం చట్టాలని మార్చేవరకే, ప్రాథమిక హక్కులని దాటిపోలేదని చెప్పింది. ఆ తీర్పు గిరిజనులకి న్యాయం చేసిందా అన్నది వేరే చర్చ, నాకూ అభిప్రాయాలున్నాయి. ఇక్కడ చూడాల్సింది ఇదే: ‘రాజ్యాంగంలో ఏమున్నా సరే’ అని రాసి ఉన్నా కోర్టు నీలం భాగాన్ని కూడా చదివింది. అక్కడ గవర్నర్‌కి ఇచ్చిన పని ఏమిటో, ఆ పని మేరకే ఈ పదానికి బలం.

కెనడాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. అక్కడ వార్తల్లో ‘నాట్‌విత్‌స్టాండింగ్ క్లాజ్’ అంటే 1982 నాటి హక్కుల చార్టర్‌లో 33వ సెక్షన్. కొన్ని హక్కులకి విరుద్ధంగా ఉన్నా ఈ చట్టం చెల్లుతుందని చట్టసభ ప్రకటించుకోవచ్చు, కానీ అయిదేళ్లకే. ఆ తర్వాత మళ్లీ ప్రకటించాలి. 2022 నవంబర్‌లో ఒంటారియో బడి సిబ్బంది సమ్మెని ఆపడానికి దీన్ని వాడి, గొడవ పెద్దదై, అదే నెలలో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకుంది. పదం అదే, గెలుపోటముల లెక్కా అదే. గడువు ఉండటమే అక్కడి ప్రత్యేకత.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఎవరిది పైచేయో తిప్పి చదవడం గురించి చెప్పాను. అది కాక:

పదాన్ని విడగొట్టి చదవడం. ‘నాట్ విత్ స్టాండింగ్’ అని మూడుగా చూసి, ‘నిలబడదు’ అనుకుని, తర్వాత వచ్చే భాగం చెల్లదని తేల్చేస్తారు. చెల్లేదే అది.

ఓడిన క్లాజుని మొత్తం కొట్టేయడం. 14వ క్లాజు చూసి 6వ క్లాజు మీద అడ్డగీత గీసేస్తే మీ 60 రోజులు మీరే వదులుకున్నట్టు.

ఒకే నంబరు వేరే పత్రంలో వెతకడం. లోన్‌కి ప్రధాన అగ్రిమెంటు, దాని వెంట షెడ్యూలు, శాంక్షన్ లెటర్ ఉంటాయి. ‘క్లాజ్ 4’ అంటే ఏ పత్రంలోని 4? ‘హియరిన్’ అని ఉంటే ఈ పత్రంలోదే. లేకపోతే అడగాలి.

ఆన్‌లైన్ అనువాదాన్ని నమ్మేయడం. పొడుగు వాక్యాల్లో యంత్రం ‘ఉన్నప్పటికీ’ని తీసుకెళ్లి వాక్యంలో వేరేచోట అతికించవచ్చు. అలా జరిగినా తెలుగు సాఫీగానే చదువుకుంటుంది, అందుకే అనుమానం రాదు.

సరిగ్గా చదివారో లేదో ఎలా చూసుకోవాలి

మార్పిడి పరీక్ష: ‘నాట్‌విత్‌స్టాండింగ్’ తీసేసి అక్కడ ‘సబ్జెక్ట్ టు’ పెట్టి చదవండి. అర్థం పూర్తిగా తిరగబడాలి. మీకు రెండింటికీ ఒకే అర్థం వస్తుంటే ఏదో ఒకదాన్ని తప్పుగా చదువుతున్నారు.

తొలగింపు పరీక్ష: ఆ పదమూ, ఎర్ర భాగమూ మూసేసి నీలం మాత్రమే చదవండి. అది సొంతంగా నిలబడే వాక్యం కావాలి. ‘అప్పిచ్చినవాళ్లు వడ్డీ మార్చవచ్చు’ నిలబడింది, సరిపోయింది. సగంలో తెగినట్టు అనిపిస్తే గీత తప్పు.

అంకెల పరీక్ష: డబ్బు విషయమైతే రెండు లెక్కలూ వేయండి, 4వ క్లాజు గెలిస్తే ఎంత, 11 గెలిస్తే ఎంత అని. కాగితం రాసింది ఎవరు? వాళ్లకి ఏ లెక్క లాభం? తన నష్టానికి ‘నాట్‌విత్‌స్టాండింగ్’ రాసుకునేవాళ్లు అరుదు. ఇది రుజువు కాదు గానీ, మీ సమాధానం దీనికి ఎదురొస్తే మళ్లీ ఒకసారి చదవడానికి మంచి కారణం.

మీరే రాయాల్సి వస్తే

నా సలహా: రాయకండి. సెలవు చీటీలో, హెచ్‌ఆర్‌కి మెయిల్‌లో, అమెరికా వీసా కోసం రాసే ఉత్తరంలో ఈ పదం పెడితే అరువు తెచ్చుకున్న కోటులా ఉంటుంది. ‘డిస్పైట్’, ‘ఈవెన్ దో’ చాలు. ఒప్పందం రాస్తున్నప్పుడు, రెండు నిబంధనల్లో ఏది పైదో తేల్చాల్సినప్పుడు మాత్రం దీనికి సాటి లేదు.

తప్పనిసరైతే ఇవి పాటించండి. ఒకే పదంగా కలిపి రాయండి. దాని వెనక ‘ఆఫ్’ గానీ ‘టు’ గానీ రాదు. ‘నాట్‌విత్‌స్టాండింగ్ ఆఫ్ ద డిలే’ తప్పు, ‘నాట్‌విత్‌స్టాండింగ్ ద డిలే’ సరైనది. తర్వాత పూర్తి వాక్యం రావాలంటే మధ్యలో ‘ద ఫ్యాక్ట్ దట్’ పెట్టండి. రెండో సగంలో ‘బట్’ వద్దు. మనం ‘వాన పడినా కానీ వెళ్లాం’ అంటాం కాబట్టి చెయ్యి అటే పోతుంది. ఇక ‘ఎనీథింగ్ కంటెయిన్డ్ ఇన్ దిస్ అగ్రిమెంట్’ అని ఒకే కాగితంలో రెండుచోట్ల రాయకండి. రెండూ ఒకదాన్నొకటి ఓడిస్తామంటాయి, ఆ పంచాయితీ తీర్చడానికి లాయర్ ఫీజు మీరే కట్టాలి. ఏ క్లాజుని ఓడించాలో నంబరు వేసి రాయండి.

సంతకానికి ముందు

నీలం భాగం మీకు నష్టమని తేలితే గొడవ పడక్కర్లేదు. మూడు అడగవచ్చు. ఆ వాక్యం తీసేయమని, లేదా ‘మూడేళ్ల తర్వాత మాత్రమే’ అని షరతు చేర్చమని, లేదా ఎప్పుడు, దేని ఆధారంగా మారుస్తారో రాతపూర్వకంగా చెప్పమని. బ్యాంకులు అచ్చు అగ్రిమెంటు మార్చవు, అందుకని మూడోది ఎక్కువగా పనికొస్తుంది. మెయిల్‌లోనే అడగండి, క్లాజు నంబర్లు రెండూ రాయండి: “4వ క్లాజులో మూడేళ్లు స్థిరమైన వడ్డీ అన్నారు, 11వ క్లాజు దాన్ని తోసేస్తోంది. నా విషయంలో ఏది వర్తిస్తుంది?” ఫోన్‌లో “అదేం లేదండీ, ఫార్మాలిటీ” అంటే ఆ మాటే మెయిల్‌లో పెట్టమనండి. వచ్చిన జవాబు ప్రింటు తీసి అగ్రిమెంటు కాపీకి పిన్ చేసుకోండి.

ఆస్తి పంపకం, పోలీసు కేసు, ఉద్యోగం తీసేసిన నోటీసు అయితే అడ్వకేట్‌ని కలవాల్సిందే. వెళ్లేటప్పుడు రెండు రంగులు గీసిన కాగితమూ, తెలుగులో రాసుకున్న ఆ ఒక్క వాక్యమూ పట్టుకెళ్లండి. “ఇదేంటండీ” అని మొదలుపెట్టే బదులు “6వ క్లాజు ఎంతవరకు ఓడింది?” అని అడగవచ్చు.